77 ఉండాల్సిన చోట 71: గుంటూరులో రికవరీ సాల్వెంట్‌పై ఒక కేస్ స్టడీ

మే మూడో వారంలో ఒక మధ్యాహ్నం, గుంటూరు శివార్లలోని మిరప ఓలియోరెసిన్ (మిరప రంగూ కారమూ ఉన్న చిక్కటి సారం) యూనిట్ నుంచి ప్రొడక్షన్ మేనేజర్ రెండు సీసాలు తీసుకుని మా ల్యాబ్‌కు వచ్చారు. ఒకదాని మీద ‘కొత్త డ్రమ్ము’ అని, ఇంకోదాని మీద ‘రికవరీ’ అని రాసి ఉంది. రెండూ ఇథైల్ అసిటేట్ అనే సాల్వెంటే (ద్రావకమే). రెండూ నీళ్లలా తేటగా ఉన్నాయి, రెండూ బాగా మగ్గిన పండు వాసనే వేస్తున్నాయి. ఆయన అడిగింది ఒక్కటే: “మేడమ్, బాయిలింగ్ పాయింట్ చూసి చెప్పండి చాలు. డీలర్ మాకు కల్తీ సరుకు పోశాడా లేదా తేలాలి.”

వాళ్ల ఇబ్బంది ఇది. మిరప పొడి నుంచి రంగూ కారమూ లాగడానికి వాళ్లు ఇథైల్ అసిటేట్ వాడతారు. పొడిలోంచి సాల్వెంట్ నడిపిస్తే రంగూ కారమూ అందులోకి దిగుతాయి. ఆ ద్రావణాన్ని, అంటే మిసెల్లాను, కెటిల్‌లో వేడి చేస్తే సాల్వెంట్ ఆవిరై పోతుంది, అడుగున చిక్కటి ఎర్రటి ఓలియోరెసిన్ మిగులుతుంది. ఆవిరైన సాల్వెంట్‌ను చల్లార్చి మళ్లీ వాడతారు, దాన్నే రికవరీ అంటారు. ఒక బ్యాచ్‌లో వాడిన సాల్వెంటే వారాల తరబడి తిరుగుతూ ఉంటుంది, తగ్గినంత మేరకు కొత్త డ్రమ్ములు కలుపుతారు. ఏప్రిల్ నుంచి ఓలియోరెసిన్ మసకగా వస్తోంది, అడుగున జిగురు తేలుతోంది, కొద్దిగా పులుపు వాసన కూడా వస్తోంది. వాళ్ల సొంత ల్యాబ్‌లో కేపిలరీ (సన్నని గాజు గొట్టం) పద్ధతిలో బాయిలింగ్ పాయింట్ చూస్తే కొత్త డ్రమ్ము 76.4, రికవరీ 71 చూపించాయి. డీలర్ సర్టిఫికెట్ మీద 77.1 అని ఉంది. కొత్త సరుకే తేడాగా ఉంది కాబట్టి తిరిగే సాల్వెంట్ కూడా పాడైందని తీర్మానించుకుని, డీలర్‌కు ఇవ్వాల్సిన డబ్బు ఆపేశారు.

ఆ తీర్మానం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. 76.4కి, 71కి కారణం ఒకటే అని అనుకోవడానికి ఆధారం ఏముంది? మొదటి దాంట్లో తేడా ఒక డిగ్రీ కూడా లేదు, రెండో దాంట్లో ఆరు డిగ్రీలు. రెండింటినీ విడివిడిగా చూడాలనుకున్నాం.

ముందు థర్మామీటర్, ఆ తర్వాత గాలి

బాయిలింగ్ పాయింట్ అంటే ద్రవం బాష్ప పీడనం చుట్టూ ఉన్న గాలి పీడనంతో సమానమయ్యే ఉష్ణోగ్రత. ఇంటర్‌లో అందరం చదువుకున్నదే. కానీ ల్యాబ్‌లో కూర్చున్నాక ఆ వాక్యంలోని ‘గాలి పీడనం’ అన్న మాటను చాలామంది వదిలేస్తారు. పుస్తకంలో నీటికి 100, ఇథైల్ అసిటేట్‌కు 77.1 అని ఉండేది 760 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర. గుంటూరులో మే నెలలో 760 ఉండదు. ఎండలకు నేల కాగి గాలి పలచబడుతుంది, రుతుపవనాల ముందు అల్పపీడనం పరుచుకుంటుంది. అందుకే మన దగ్గర వేసవిలో పీడనం 750 అటూ ఇటూ తిరుగుతుంది. డిసెంబర్, జనవరిలో మళ్లీ 760 దగ్గరికి వస్తుంది. ఆ రోజు మా బారోమీటర్ 748 చూపించింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. వాతావరణ శాఖ బులెటిన్‌లో వచ్చే పీడనాన్ని సముద్ర మట్టానికి సరిచేసి ఇస్తారు. గుంటూరు సముద్ర మట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మన గదిలో నిజంగా ఉండే పీడనం బులెటిన్ అంకె కంటే రెండున్నర మిల్లీమీటర్లు తక్కువ. డిగ్రీలో పదో వంతు తేడా. చిన్నదే, కానీ తెలిసి వదిలేయడం వేరు, తెలియక వదిలేయడం వేరు. హైదరాబాద్ లాంటి చోట ఈ లెక్క మరీ పెద్దది. అక్కడ 540 మీటర్ల ఎత్తు వల్ల పీడనం 715 దగ్గర ఉంటుంది, ఇదే ఇథైల్ అసిటేట్ అక్కడ రెండు డిగ్రీలు ముందే మరుగుతుంది. అక్కడి ల్యాబ్ సరిచేయకుండా రాసిన రీడింగును, ఇక్కడి ల్యాబ్ సరిచేయకుండా రాసిన రీడింగును పక్కపక్కన పెడితే కల్తీ లేని సరుకులో కూడా కల్తీ కనిపిస్తుంది.

శాంపిల్ ముట్టుకునే ముందు థర్మామీటర్‌ను పరీక్షించాం. పగలగొట్టిన మంచులో సున్నా చూపించింది. డిస్టిల్డ్ వాటర్ మరిగించి, డిస్టిలేషన్ ఫ్లాస్కు మెడలోనే పెట్టి చూస్తే 99.2. పీడనం 12 మిల్లీమీటర్లు తక్కువ కాబట్టి, నీటికి మిల్లీమీటరుకు 0.037 డిగ్రీ చొప్పున నీరు 99.56 దగ్గర మరగాలి. ఇంకా 0.36 ఎక్కడికి పోయింది?

మా జూనియర్ వెంటనే “థర్మామీటర్ పోయింది మేడమ్, కొత్తది తీస్తా” అంది. ఆగమన్నాను. మా దగ్గర ఉన్నది మొత్తం మునిగేలా వాడటానికి గీతలు పెట్టిన థర్మామీటర్. ఫ్లాస్కు కార్కు 50 గీత దగ్గర ఉంది. అంటే 50 నుంచి 99 దాకా పాదరసం బయట గాలిలో, చల్లటి చోట ఉంది. అది లోపలి పాదరసం అంత వ్యాకోచించదు కాబట్టి రీడింగు తక్కువ చూపిస్తుంది. బయట ఉన్న డిగ్రీల సంఖ్యను, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాను, 0.00016ను గుణిస్తే ఎంత కలపాలో వస్తుంది. థర్మామీటర్ కాడ (బయట ఉన్న భాగం) పక్కన ఇంకో చిన్న థర్మామీటర్ కట్టి చూస్తే 50 డిగ్రీలు ఉంది. 50 గుణకారం 49.5 గుణకారం 0.00016 అంటే 0.4. రీడింగు 99.2కు 0.4 కలిపితే 99.6. థర్మామీటర్ బాగానే ఉంది. దాన్ని పారేసి కొత్తది పెట్టి ఉంటే అదీ ఇదే చూపించేది.

ఇప్పుడు కొత్త డ్రమ్ము శాంపిల్. వంద మిల్లీలీటర్లు ఫ్లాస్కులో పోసి, నాలుగైదు పింగాణి ముక్కలు వేసి, నిమిషానికి నాలుగైదు మిల్లీలీటర్లు వచ్చేలా హీటింగ్ మాంటిల్ మీద వేడి చేశాం. బన్సెన్ బర్నర్ ఈ శాంపిల్ దరిదాపుల్లోకి రాకూడదు. ఇథైల్ అసిటేట్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత, మైనస్ 4 డిగ్రీలు. మే నెల గుంటూరులో మూత తీసిన సీసా పైన ఎప్పుడూ అంటుకునే ఆవిరి ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి బల్ల మీదుగా కిందికి పాకుతుంది.

రీడింగు స్థిరంగా 76.5. పీడనానికి 12 గుణకారం 0.042, అంటే 0.5 కలపాలి. ఈసారి పాదరసం కార్కు పైన 26 డిగ్రీలే బయట ఉంది కాబట్టి కాడకు 0.1 కలిపితే చాలు. మొత్తం 77.1. మొదటి చుక్క నుంచి చివరి దాకా తేడా అర డిగ్రీ. డీలర్ సరుకులో ఏ తప్పూ లేదు. వాళ్ల ల్యాబ్ చూసిన 76.4 కూడా సరైన రీడింగే, పీడనం పక్కన రాయలేదంతే.

ఆ సాయంత్రమే మేనేజర్‌కు ఫోన్ చేసి చెప్పాను. పూర్తి రిపోర్టు తర్వాత ఇస్తాం కానీ డీలర్ డబ్బు ఆపడానికి మాత్రం కారణం లేదని. ఒక మనిషి మీద కల్తీ ముద్ర పడి ఉన్నప్పుడు రిపోర్టు టైప్ అయ్యేదాకా ఆగడం నాకు సరికాదనిపించింది.

రికవరీ శాంపిల్: మొదటి రోజు చెడగొట్టాం

తర్వాతి రోజు రికవరీ శాంపిల్ పెట్టాం. మొదటి రన్ పనికిరాకుండా పోయింది, తప్పు పూర్తిగా మాదే. కండెన్సర్‌కు నీళ్లు మేడ మీది ట్యాంకు నుంచి వస్తాయి. మే నెల మధ్యాహ్నం ఆ ట్యాంకులో నీళ్లు చెయ్యి పెడితే వెచ్చగా తగిలేవి. ఆ నీళ్లతో కండెన్సర్ ఆవిరిని పూర్తిగా పట్టుకోలేకపోయింది. వంద మిల్లీలీటర్లు పోస్తే 92 వచ్చింది, మిగతాది గదిలోకి వెళ్లింది. తలనొప్పి వచ్చేంత వాసన. ఫ్యూమ్ హుడ్ వేసి, అందరం బయటికి వచ్చి పావుగంట ఆగాం. ఆ రన్ అంకెలను నోట్‌బుక్‌లో కొట్టేయకుండా ‘రద్దు, కండెన్సర్ వేడెక్కింది’ అని రాసి ఉంచాం.

మా అటెండర్ ఒక ఉపాయం చెప్పాడు. ఇంట్లో పాత ఎయిర్ కూలర్‌లో ఉండే చిన్న పంపు తెచ్చి, బకెట్‌లో ఐస్ గడ్డలు వేసి, ఆ నీళ్లనే కండెన్సర్ గుండా తిప్పుదామన్నాడు. బకెట్‌ను, పంపు ప్లగ్గును హుడ్‌కు దూరంగా పెట్టి అలాగే చేశాం. వేసవిలో ఇప్పటికీ అదే వాడుతున్నాం. రెండో రన్‌లో 98 మిల్లీలీటర్లు వచ్చింది.

మొదటి చుక్క 70.6 దగ్గర పడింది. 10 మిల్లీలీటర్లకు 70.9, 30కి 71.6. అంటే మూడో వంతు శాంపిల్ దాదాపు ఒక డిగ్రీ లోపలే వచ్చేసింది. అక్కడితో ఆపి చూస్తే ఎవరైనా ‘స్థిరంగా మరుగుతోంది, ఒకే పదార్థం’ అనే అంటారు. కంపెనీ ల్యాబ్‌లో కేపిలరీ పద్ధతి చూపించింది కూడా ఈ మొదటి భాగాన్నే. ఆ పద్ధతిలో కొన్ని చుక్కలు చాలు, తొందరగా అయిపోతుంది, కానీ ఒకే అంకె ఇస్తుంది. ఆ అంకె తర్వాత ఏం జరిగేదో చూపించదు.

మేం ఆపలేదు. 50 మిల్లీలీటర్లకు 73.2, 70కి 74.9, 90కి 76.1. చివరి చుక్కలు కొత్త డ్రమ్ము రీడింగు దగ్గరికి చేరాయి. అంటే ఫ్లాస్కులో ఇథైల్ అసిటేట్ ఉంది, దానితో పాటు దాన్ని ముందే మరిగేలా చేసేది ఇంకేదో ఉంది, ఆ ఇంకేదో మొదటి సగంలోనే బయటికి వెళ్లిపోతోంది.

అదేమిటో రిసీవర్ (చల్లారిన ద్రవం పడే పాత్ర) చెప్పింది. మొదటి చుక్కలు మసకగా పడుతున్నాయి. 30 మిల్లీలీటర్లు వచ్చేసరికి మెజరింగ్ సిలిండర్ అడుగున సుమారు ఒక మిల్లీలీటరు వేరే పొర పేరుకుంది. జూనియర్ దాన్ని ఫోటో తీసింది, మంచి పని చేసింది. ఎందుకంటే మొత్తం డిస్టిలేషన్ అయ్యాక సిలిండర్‌ను ఒకసారి ఊపితే ఆ పొర మొత్తం కరిగిపోయి, ద్రవం తేటగా అయిపోయింది. రన్ మొదలుపెట్టి టీకి వెళ్లి చివర్లో వచ్చినవాళ్లకు ఏమీ కనిపించేది కాదు. డిస్టిలేషన్ దగ్గర నుంచి కదలొద్దని నేను పిల్లలకు చెప్పేది ప్రమాదం గురించి మాత్రమే కాదు, ఇందుకు కూడా.

అడుగు పొర నీళ్లే. ఇథైల్ అసిటేట్, నీరు కలిసి 70.4 డిగ్రీల దగ్గర అజియోట్రోప్ ఇస్తాయి, అంటే ఒకే పదార్థంలా ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరిగే మిశ్రమం. ఒకదానికి 77, ఇంకోదానికి 100. రెండూ కలిస్తే ఆ రెండింటి కంటే కిందే మరుగుతాయి. అణువుల మధ్య పొత్తు కుదరక ఒకదాన్నొకటి బయటికి నెట్టేస్తాయి, బాష్ప పీడనం పెరిగిపోతుంది. ఆ ఆవిరిలో బరువు ప్రకారం 8 శాతం పైచిలుకు నీరు ఉంటుంది. చల్లారాక ఇథైల్ అసిటేట్ అంత నీటిని పట్టుకోలేదు. 20 డిగ్రీల దగ్గర అది పట్టేది 3 శాతం చిల్లర మాత్రమే. మిగిలింది అడుగుకు దిగుతుంది. తర్వాత పొడిగా ఉన్న ఇథైల్ అసిటేట్ వచ్చి కలిసే కొద్దీ మళ్లీ కరుగుతుంది. స్థిరమైన బాయిలింగ్ పాయింట్ ఉంటే శుద్ధ పదార్థం అని చదువుకున్న వాక్యానికి ఇక్కడే పరిమితి ఉంది. అజియోట్రోప్ కూడా స్థిరంగానే మరుగుతుంది.

నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ టైట్రేషన్ పెడితే నీరు 4.1 శాతం వచ్చింది. నేను దీంతో కేసు అయిపోయిందనుకుని రిపోర్టు రాయడం మొదలుపెట్టాను కూడా. రాస్తుండగా ఒక సంగతి అడ్డం పడింది. ఇథైల్ అసిటేట్ పట్టగలిగేది మూడు చిల్లర అయితే, గది ఎంత వేడిగా ఉన్నా 4.1 శాతం నీళ్లతో అది తేటగా ఒకే పొరగా ఎలా ఉంది?

ఆరబెట్టినా 77 రాలేదు

శాంపిల్‌ను అన్‌హైడ్రస్ సోడియం సల్ఫేట్ మీద కొంతసేపు ఉంచి వడగట్టి, ఆ తర్వాత మాలిక్యులర్ సీవ్స్ (అతి సన్నని రంధ్రాలున్న గుళికలు) మీద రాత్రంతా ఉంచాం. మూడు ఆంగ్‌స్ట్రామ్ రకమే వాడాం. దాని రంధ్రాల్లోకి నీరు దూరుతుంది, ఆల్కహాల్ దూరలేదు. ఈ ఎంపిక కావాలనే చేశాం, అప్పటికే నాకు ఆల్కహాల్ మీద అనుమానం ఉంది కాబట్టి. పొద్దున్న కార్ల్ ఫిషర్‌లో నీరు 0.05 శాతం.

మళ్లీ డిస్టిలేషన్. నీరు ఒక్కటే దోషి అయితే ఈసారి మొదటి చుక్క దాదాపు 76.5 దగ్గర పడాలి. 73.8 దగ్గర పడింది. సరిచేస్తే 74.4. అక్కడి నుంచి మెల్లగా ఎక్కుతూ 60 మిల్లీలీటర్ల దగ్గర 76.5 చేరింది. ఈసారి మసక లేదు, పొర లేదు.

ఇథైల్ అసిటేట్‌తో కలిసి దాన్ని కిందికి లాగే అభ్యర్థుల్లో ఇథనాల్ మొదటిది. ఆ రెండింటి అజియోట్రోప్ 71.8 దగ్గర మరుగుతుంది, అందులో మూడో వంతుకు కాస్త తక్కువ ఇథనాల్ ఉంటుంది. పైగా ఇథనాల్ అటు నీటికీ ఇటు ఇథైల్ అసిటేట్‌కూ చుట్టమే. మధ్యలో నిలబడి రెండింటినీ కలిపి ఉంచుతుంది. నిన్న నన్ను ఆపిన ప్రశ్నకు జవాబు అదే. ఇథనాల్ ఉంది కాబట్టే ఆ సాల్వెంట్ ఎక్కువ నీటిని తనలో దాచుకోగలిగింది. మిశ్రమంలో ఏది ఎంతుందో విడదీసి చూపించే గ్యాస్ క్రోమటోగ్రఫీ చేయిస్తే ఇథనాల్ 4 శాతం దగ్గర వచ్చింది. కొత్త డ్రమ్ములో 0.1 శాతమే. అంటే ఇథనాల్ బయటి నుంచి రాలేదు, ప్లాంట్‌లోనే పుట్టింది.

రుజువు కోసం ఇంకో పని చేశాం, ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. బీఎస్సీలో ఇథైల్ అసిటేట్ తయారు చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తయారైన ఎస్టర్‌ను (ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడే పదార్థం, ఇక్కడ ఇథైల్ అసిటేట్) సోడియం కార్బొనేట్ ద్రావణంతో కడిగితే ఆమ్లం పోతుంది, తర్వాత చిక్కటి కాల్షియం క్లోరైడ్ ద్రావణంతో కడిగితే ఇథనాల్ పోతుంది. కాల్షియం క్లోరైడ్ ఆల్కహాల్‌ను తనతో కట్టేసుకుంటుంది. జూనియర్‌ను చేయమన్నాను. ఐదు నిమిషాల్లో పిలుపు: “మేడమ్, సెపరేటింగ్ ఫనెల్ నిండా సున్నంలా తెల్లగా అయిపోయింది.” మధ్యలో ఉప్పు నీళ్లతో కడగడం మర్చిపోయింది. మిగిలిన కార్బొనేట్, కాల్షియం కలిసి కాల్షియం కార్బొనేట్‌గా దిగాయి. ఒకసారి ఇలా ఫనెల్ మూసుకుపోయిన వాళ్లు ఇక జీవితంలో ఆ మధ్య కడుగు మర్చిపోరు, నేను కూడా అలాగే నేర్చుకున్నాను. రెండోసారి వరుసగా చేసింది. ఆరబెట్టి డిస్టిల్ చేస్తే మొదటి చుక్క 76.2, మధ్యలో 76.5, సరిచేస్తే 77.1. కొత్త డ్రమ్ముతో సమానం. నీరు, ఇథనాల్ తీసేస్తే అది అచ్చంగా ఇథైల్ అసిటేటే.

ప్లాంట్‌కు వెళ్లి చూస్తే

ఇథనాల్ ఎక్కడ పుడుతోందో ల్యాబ్‌లో కూర్చుంటే తెలియదు. మరుసటి రోజు పొద్దున్నే వెళ్లాం. యజమాని పెద్దాయన, ముప్ఫై ఏళ్లుగా మిరప వ్యాపారంలో ఉన్నారు. తేజ కాయను చేతిలో విరిచి కారం ఎంతో చెప్పేస్తారు. “అమ్మా, డీలర్‌ది తప్పు లేదని నిన్న మావాడు చెప్పాడు. అయితే తప్పు మా ఇంట్లోనే ఉందన్నమాట. చూడండి, ఏదైనా అడగండి,” అన్నారు. అలాంటి మనిషి దగ్గర పని చేయడం హాయి.

మొదట చూసింది వాటర్ సెపరేటర్. పిప్పిలో మిగిలిన సాల్వెంట్‌ను తోలడానికి నేరుగా ఆవిరి కొడతారు కాబట్టి రికవరీలో నీరు రావడం మామూలే. కండెన్సర్ దాటాక నీరు అడుగుకు దిగితే కిందినుంచి తీసేయాలి. కానీ కూలింగ్ టవర్ నీళ్లే వేడిగా ఉన్నాయి, సెపరేటర్ మీద చెయ్యి పెడితే కాలుతోంది. వేడి సాల్వెంట్ నీటిని ఎక్కువ పట్టుకుంటుంది. దానికి ఇథనాల్ తోడైతే నీరు దిగనే దిగదు. ఆపరేటర్ చెప్పాడు, “మార్చిలో గంటకోసారి కింద వాల్వు తిప్పి నీళ్లు తీసేవాళ్లం మేడమ్. ఇప్పుడు తిప్పితే నీళ్లే రావట్లేదు, సాల్వెంటే వస్తోంది. నీళ్లు తగ్గాయి గదా, మంచిదే అనుకున్నాం.” నీళ్లు తగ్గలేదు. దిగడం మానేసి సాల్వెంట్‌తో పాటే తిరుగుతున్నాయి.

ఇథనాల్ సంగతి కెటిల్ దగ్గర తేలింది. ఏప్రిల్ నుంచి నైట్ షిఫ్ట్‌కు మనుషులు దొరక్క, సాయంత్రం మిగిలిన మిసెల్లాను కెటిల్‌లోనే వదిలి, చిక్కబడి గడ్డకట్టకుండా జాకెట్‌కు (కెటిల్ చుట్టూ ఉండే తొడుగుకు) సన్నగా స్టీమ్ పెట్టి వెళ్తున్నారు. పన్నెండు గంటలు, 60 డిగ్రీల పైన, నీటితో, మిరపకాయలోని సహజ ఆమ్లాలతో. ఎస్టర్‌కు నీరు, ఆమ్లం, వేడి కలిస్తే అది మళ్లీ విడిపోతుంది. ఒక వైపు ఇథనాల్, ఇంకో వైపు ఎసిటిక్ ఆమ్లం. పుట్టిన ఆమ్లం ఆ చర్యను ఇంకా తొందర చేస్తుంది. కెటిల్ అడుగు నీటిని పీహెచ్ పేపర్‌తో చూస్తే 4 కంటే కింద ఉంది.

ఇక్కడ ఒక లెక్క కుదరాలి. ఇథనాల్ పుడితే దానితో సమానంగా ఎసిటిక్ ఆమ్లం కూడా పుట్టాలి. మరి రికవరీ శాంపిల్‌లో ఆమ్లం ఎందుకు లేశమాత్రమే ఉంది? ఎసిటిక్ ఆమ్లం 118 దగ్గర మరుగుతుంది. సాల్వెంట్ ఆవిరై పోతున్నప్పుడు ఇథనాల్ దానితో పాటు వెళ్లిపోతుంది, ఆమ్లం మాత్రం ఓలియోరెసిన్‌తో అడుగున ఉండిపోతుంది. ఆ పులుపు వాసన అదే. మసక, జిగురు సంగతి కూడా దీనితోనే విడిపోయింది. తడి సాల్వెంట్, అందులోనూ ఆల్కహాల్ ఉన్నది, మిరప పొడిలోంచి చక్కెరలు, జిగురు పదార్థాలు కూడా లాగుతుంది. సాల్వెంట్ పోయాక అవి నూనెలో ఇమడలేక విడిపోతాయి.

మేం చెప్పిన మార్పులు పెద్ద ఖర్చువి కావు. మిసెల్లాను రాత్రిపూట వేడి మీద వదలొద్దు, ఆ రోజుది ఆ రోజే దించేయాలి, మనుషులు లేకపోతే ఎక్స్‌ట్రాక్షనే తగ్గించాలి. సెపరేటర్‌కు ముందు ఇంకో కూలర్ పెట్టి, సాల్వెంట్ 30 డిగ్రీల లోపు చల్లారాకే లోపలికి వెళ్లేలా చూడాలి. ఇప్పటికే ట్యాంకులో ఉన్న సాల్వెంట్‌ను నీటితో కడగాలి. ఇథనాల్ నీటి వైపు వెళ్తుంది. కాల్షియం క్లోరైడ్ ల్యాబ్‌కు సరే, టన్నుల సాల్వెంట్‌కు దాన్ని వాడి ఆ ఉప్పు నీళ్లను ఎక్కడ పోస్తారు? కడిగిన నీటిలో ఇథైల్ అసిటేట్ కూడా 8 శాతం దాకా కరుగుతుంది కాబట్టి దాన్ని డ్రైనేజీలోకి వదలకుండా స్ట్రిప్పింగ్‌కు (నీటిలోని సాల్వెంట్‌ను ఆవిరిగా వెనక్కి తీయడానికి) పంపాలని గట్టిగా చెప్పాను. నష్టం అని ఒక కారణం, ఆ కాలువ పక్కన పొలాలు ఉన్నాయన్నది ఇంకో కారణం. కడిగిన సాల్వెంట్‌ను డిస్టిల్ చేసేటప్పుడు తడిగా వచ్చే మొదటి భాగాన్ని వేరుగా పట్టి సెపరేటర్‌కు పంపితే, వెనక వచ్చేది దానంతటదే పొడిగా వస్తుంది. సాల్వెంట్‌ను పాడు చేసిన అజియోట్రోపే నీటిని బయటికి మోస్తుంది.

వాళ్ల ల్యాబ్‌లో కుర్రాడికి వంద మిల్లీలీటర్ల డిస్టిలేషన్ చేయడం ఒక పూట కూర్చుని నేర్పాం. అతను మొదటిసారి థర్మామీటర్ బల్బును పక్క గొట్టానికి పైన పెట్టాడు. ఆవిరి బల్బును పూర్తిగా తాకకముందే పక్కకు తిరిగిపోతుంది, రీడింగు తక్కువ వస్తుంది. బల్బు పై అంచు పక్క గొట్టం కింది అంచుకు సమానంగా ఉండాలని చూపించాను. పింగాణి ముక్కలు ఒకసారి చల్లారాక మళ్లీ పనిచేయవని, మధ్యలో ఆపి మళ్లీ వేడి చేస్తే కొత్తవి వేయాలని, వేడి ద్రవంలో మాత్రం ఎప్పుడూ వేయకూడదని, వేస్తే ఒక్కసారిగా పొంగి మీద పడుతుందని చెప్పాను. రిజిస్టర్‌లో గళ్లు మార్చాం. ఇదివరకు ‘బాయిలింగ్ పాయింట్’ అని ఒకటే గడి ఉండేది. ఇప్పుడు పీడనం, మొదటి చుక్క, 10, 30, 50, 90 మిల్లీలీటర్ల రీడింగులు, రిసీవర్ తేటగా ఉందా మసకగా ఉందా అన్నవి వేర్వేరు గళ్లు.

డీలర్ డబ్బు ఆ వారమే ఇచ్చేశారని మేనేజర్ చెప్పారు. పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి పొరపాటు జరిగిందని ఆయనతో అన్నారట.

జులై రెండో వారంలో మళ్లీ రికవరీ శాంపిల్ వచ్చింది. నీరు 0.4 శాతం, ఇథనాల్ 0.5 శాతం. బారోమీటర్ 749. సరిచేశాక మొదటి చుక్క 74.8, 10 మిల్లీలీటర్లకు 76.7, 30కి 77.0, అక్కడి నుంచి చివరి దాకా 77.1. మొదటి చుక్క ఇంకా రెండు డిగ్రీలు కిందే ఉంది. అర శాతం నీరు కూడా లేని శాంపిల్‌లో అంత లాగుడు ఉంటుందా అని జూనియర్‌కు నమ్మకం కుదరలేదు. పొడి శాంపిల్‌కు 0.4 శాతం నీరు తనే కలిపి ఇంకో రన్ పెట్టింది. 75.2 వచ్చింది. మిగతా కాస్త ఇథనాల్‌ది. రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద గీసి, శాంపిల్ సీసాతో పాటు ప్లాంట్‌కు పంపాం.